మీ కుక్క సెన్సిటివ్ అంటున్నారు సరే, దేనికి?

"మా కుక్క చాలా సెన్సిటివ్. ఫ్లీలకీ పిడుదులకీ దానికి పడే మందు ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్లు నాకు తరచూ కనిపిస్తుంటారు. ఫ్లీలంటే బొచ్చులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగులు. నేను వెటర్నరీ డాక్టర్ని కాదు. ఏళ్ల తరబడి కుక్కల్నీ పిల్లుల్నీ పెంచుతూ, వాటికి వాడే ప్రతి మందు గురించీ కూర్చుని చదివే మనిషిని. అలా అడిగినవాళ్లని నేను తిరిగి అడిగేది ఒకటే: దేనికి సెన్సిటివ్? చర్మమా? నరాలా? కడుపా? వయసా? జాతి వల్ల వచ్చిన తేడానా? ఆ జవాబు లేకుండా మందు పేరు చెప్పడం కుదరదు. ఇంకొకరి సెన్సిటివ్ కుక్కకి బాగా పనిచేసిన మందు మీ సెన్సిటివ్ కుక్కకి హాని చేయొచ్చు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. మా ఇంట్లోనే ఇద్దరున్నారు. చిన్నికి ఫ్లీ కాటు పడదు. ఒక్కటి కుట్టినా తోక మొదట్లో బొచ్చు ఊడిపోయేదాకా కొరుక్కుంటుంది. చర్మం కోసం దానికి తరచూ మెడికేటెడ్ షాంపూతో స్నానం చేయించాలి. మెడ మీద వేసే చుక్కల మందు చాలావరకు చర్మం మీది నూనెలో కలిసి ఒళ్లంతా పాకుతుంది. నూనె తీసేసే షాంపూతో మాటిమాటికీ కడిగితే ఆ మందు నిలవదు. అందుకని చిన్నికి నెలకోసారి నమిలే మాత్రే సరైనది. భైరవ సంగతి వేరు. వాడికి ఫిట్స్ ఉన్నాయి, రోజూ మందు మింగుతాడు. చిన్నికి ఇచ్చే ఆ మాత్రను వాడి దగ్గరికి కూడా రానివ్వను. వాడికి చర్మం మీదే ఉండిపోయే చుక్కల మందు వేస్తాం. రెండూ సెన్సిటివ్ కుక్కలే. ఒకదాని మందు ఇంకోదానికి వద్దు.

వాటికి ఏ మందు పడుతుంది అనేదాని కంటే ముందు తేల్చాల్సిన సంగతి ఒకటుంది. జంతువు కాస్త సున్నితం అనగానే చాలామంది మందే మానేస్తారు. "ఎందుకొచ్చిన రిస్కు, చేత్తో ఏరేద్దాం, దువ్వేద్దాం" అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, దాని వెనక ఉన్నది ప్రేమే. కానీ ఈ నిర్ణయం వల్ల ఎక్కువ దెబ్బ తినేది ఆ సున్నితమైన జంతువే. ఫ్లీ కాటుకి అలర్జీ ఉన్న కుక్కకి ఒళ్లంతా పురుగులు ఉండక్కర్లేదు. అలర్జీ పురుగు లాలాజలానికి. ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి దురద. అది గోకి గోకి పుండు చేసుకుంటుంది, పుండులో బ్యాక్టీరియా చేరుతుంది, అక్కడినుంచి యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు. ఒక మందుకు భయపడి మానేస్తే నాలుగు మందులు ఒంట్లోకి వెళ్తాయి.

పైగా ఇలాంటి కుక్కల మీద ఫ్లీ కళ్లబడదు. అవి కొరుక్కుంటూనే దాన్ని మింగేస్తాయి. "మా కుక్కకి ఒక్క ఫ్లీ కూడా లేదు, ఇది తిండి అలర్జీ" అని గట్టిగా చెప్పేవాళ్లని నేను ఒక పని చేయమంటాను. తెల్ల కాగితం గానీ టిష్యూ గానీ తడిపి నేల మీద పరవండి. కుక్కని దాని మీద నిలబెట్టి, నడుము చివర, తోక మొదలు దగ్గర బొచ్చుని ఎదురు దిక్కులో గట్టిగా రుద్దండి. మిరియాల పొడి లాంటి నల్ల నలకలు రాలితే ఒక నిమిషం ఆగి చూడండి. మట్టి అయితే నల్లగానే ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే చుట్టూ ఎర్రటి గోధుమ రంగు పాకుతుంది, ఎందుకంటే అది అరిగిన రక్తమే. నేను ఎన్నో ఇళ్లలో ఈ ఎరుపు చూశాను. ఒక్కసారి చూశాక ఎవరూ ఇంక వాదించరు.

పిడుదుల విషయం ఇంకా గట్టిది. కుక్కల మీద బాగా కనిపించే గోధుమ రంగు పిడుదు ఎర్లీకియా, బబీసియా లాంటి జబ్బులు అంటిస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోవడం, ముక్కు నుంచి రక్తం, రక్తహీనత, జ్వరం, కుక్క నెమ్మదిగా నీరసించిపోవడం. వీటిలో ఎర్లీకియా అంటడానికి రోజులు అక్కర్లేదు, పిడుదు అతుక్కున్న కొన్ని గంటల్లోనే జరగొచ్చు. సాయంత్రం చేత్తో ఏరుదాంలే అనుకునేసరికి అంటాల్సింది అంటిపోయి ఉండొచ్చు. ముసలి కుక్కకి, ఇదివరకే జబ్బున్న కుక్కకి ఈ జ్వరాలు తట్టుకునే శక్తి ఇంకా తక్కువ. ఫ్లీలు కూడా దురదతో ఆగవు. కుక్క గానీ పిల్లి గానీ ఫ్లీని మింగితే దానిలోని బద్దెపురుగు పొట్టలోకి చేరుతుంది. చిన్న పిల్లిపిల్లలకైతే ఫ్లీలు తాగే రక్తమే ప్రాణం మీదకి తెస్తుంది.

కాబట్టి మందు వాడాలా వద్దా అనే దగ్గర ఆగిపోకండి. ఏది వాడాలి అన్నదే అసలు విషయం. అది తేలాలంటే మీ జంతువు ఒంట్లో బలహీనత ఎక్కడుందో పట్టుకోవాలి.

నరాల సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే అందరికీ ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. ఈ మధ్య వాడుకలో ఉన్న నమిలే మాత్రల్లో చాలావరకు ఐసాక్సజోలిన్ అనే కుటుంబానికి చెందినవి: అఫాక్సొలేనర్, ఫ్లూరలేనర్, సారోలేనర్, లోటిలేనర్. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వ్యాపార పేరు ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో ఈ పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే. ఇవి పురుగు నరాల్లో అదుపు తప్పకుండా చూసే క్లోరైడ్ ద్వారాలను మూసేస్తాయి. పురుగు నరాలు ఆగకుండా ఉద్రేకపడి అది చచ్చిపోతుంది. కుక్కల్లోనూ, మనలోనూ ఇలాంటి ద్వారాలు ఉన్నా, మందు పురుగు ద్వారాలకి అతుక్కున్నంత గట్టిగా వాటికి అతుక్కోదు. అందుకే చాలా కుక్కలు దీన్ని ఏ ఇబ్బందీ లేకుండా తట్టుకుంటాయి. అయినా 2018 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది: ఈ కుటుంబం మందులతో కొన్ని కుక్కల్లో, పిల్లుల్లో కండరాల వణుకు, తూలడం, ఫిట్స్ వచ్చాయని, ఇదివరకు ఫిట్స్ లేనివాటిలోనూ రావచ్చని చెప్పింది. అదే ప్రకటనలో ఇవి చాలా జంతువులకు సురక్షితమైనవే, పనిచేసేవే అని కూడా చెప్పింది.

ఈ రెండు వాక్యాల్లో ఒకటే పట్టుకుని వాదించేవాళ్లు ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు. "ఆ మాత్రలు విషం" అనేవాళ్లు చిన్ని లాంటి కుక్కకి దొరికిన ఊరటని చూడరు. "ఏమీ కాదు, అందరూ వాడుతున్నారు" అనేవాళ్లు భైరవ లాంటి కుక్కని లెక్కలోకే తీసుకోరు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకి మొదటి ఎంపికగా ఈ కుటుంబం వద్దనేది నా గట్టి అభిప్రాయం, వేరే దారి ఉన్నంతవరకు. ఒకవేళ పిడుదుల జబ్బు తీవ్రంగా ఉన్నచోట డాక్టరు గారు అన్నీ బేరీజు వేసి ఇదే కావాలంటే అది వేరే సంగతి, ఆ నిర్ణయం కుక్కని చూసినవాళ్లది. ఇంకో మందు, స్పినొశాడ్, ఇదీ నోటిద్వారా ఇచ్చేదే. ఇది వేరే కుటుంబం అయినా ఫిట్స్ ఉన్న కుక్కలకి ఇచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. ఐసాక్సజోలిన్ కాదు కదా అని దీనికి మారిపోకూడదు.

భైరవకి మేం ఫిప్రోనిల్ చుక్కలు వేస్తాం. అది చర్మంలోని నూనె గ్రంథుల్లో నిల్వ ఉండి కొద్దికొద్దిగా పైకి వస్తుంది, రక్తంలోకి చేరేది తక్కువ. వాడికి నురగ స్నానాలు అవసరం లేదు కాబట్టి మందు నిలుస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ కూడా ఇలా పైపైనే ఉండే మందు, కానీ అది ఒక్కటే వాడితే ఫ్లీలు చస్తాయి, పిడుదులు చావవు. ఇది తెలియక "మందు వేశాం, అయినా పిడుదులు పోలేదు" అని బాధపడేవాళ్లు చాలామంది. అన్నట్టు ఇంట్లో కుందేలు కూడా ఉంటే, ఫిప్రోనిల్ దానికి ఎట్టిపరిస్థితుల్లోనూ వేయకండి, కుందేళ్లకి అది ప్రాణాంతకం.

భైరవకి మందు ఎంచుకోవడంలో వాడి ఫిట్స్ కాకుండా ఇంకో విషయం కూడా చూశాం. మా పిల్లి మిన్నూ వాడి పొట్టకి ఆనుకుని పడుకుంటుంది. అందువల్ల పర్మెత్రిన్ ఉన్న ఏ మందూ మా ఇంట్లోకి రాదు. కుక్కల చుక్కల మందుల్లో పర్మెత్రిన్ 40 శాతం పైనే ఉండేవి ఉన్నాయి. కుక్క కాలేయం దాన్ని విడగొట్టి బయటికి పంపగలదు. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైముల దారి సరిగ్గా లేదు, విషం ఒంట్లోనే ఉండిపోతుంది. చెవులు, ముఖం అదరడం, ఒళ్లు వణకడం, తర్వాత ఫిట్స్. చికిత్స అందకపోతే చనిపోతుంది. కుక్క మందుని పిల్లికి వేయడమే కాదు, మందు వేసిన కుక్కని పిల్లి నాకినా, తడి ఆరకముందే దానికి ఒరుసుకున్నా ప్రమాదమే. కుక్కకి మందు ఎంచుకునేటప్పుడు ఇంట్లో పిల్లి ఉందని చెప్పకపోతే మీరు డాక్టరుకి సగమే చెప్పినట్టు.

"పెద్ద కుక్కకి వేసే చుక్కల మందు గొట్టం కొని నాలుగు చుక్కలు పిల్లికి, మిగతాది కుక్కకి" అనే పొదుపు సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి అది వినకండి. పిల్లి చిన్న సైజు కుక్క కాదు. కుక్కల మధ్య కూడా అలా పంచకండి. చుక్కల మందుల మీద వచ్చిన ఫిర్యాదులు పెరగడంతో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాటిని పరిశీలించి 2010లో తన ఫలితాలు చెప్పింది. ఎక్కువగా ఇబ్బంది పడినవి చిన్న సైజు కుక్కలు, కుక్క మందు తగిలిన పిల్లులు. తూకం సరిగ్గా చూడకుండా మందు కొనడం ఎంత ప్రమాదమో అక్కడే తెలుస్తుంది. పెట్టె మీద ఇంత బరువు నుంచి ఇంత బరువు దాకా అని రాసి ఉంటే, కుక్కని ఎత్తుకుని తూకం ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి, తేడా తీయండి. గత ఏడాది బరువు ఈ ఏడాది పనికిరాదు. చిన్న కుక్క బరువు ఆ హద్దులో అడుగు అంచున ఉంటే కిలోకి పడే మోతాదు అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. సున్నితమైన జంతువు విషయంలో ఆ సంగతి డాక్టరుతో ప్రత్యేకంగా మాట్లాడాలి.

జాతి వల్ల వచ్చే సున్నితత్వం గురించి ఒక మంచి సంగతి ఏమిటంటే, దాన్ని పరీక్షతో తేల్చుకోవచ్చు. కోలీ కుక్కలు కొన్ని ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందుకి ఎందుకు కుప్పకూలిపోతాయో చాలాకాలం తెలియలేదు. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కత్రీనా మీలీ బృందం ఎండీఆర్1 అనే జన్యువులో ఒక చిన్న తునక లోపించడమే కారణమని కనిపెట్టింది. ఆ జన్యువు చేసే ప్రొటీన్ మెదడులోకి వచ్చిన మందుల్ని తిరిగి బయటికి తోసేస్తుంది. అది లేకపోతే మందు మెదడులో పేరుకుంటుంది. కోలీలే కాదు, ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్, వాటి కలగలుపు కుక్కల్లోనూ ఇది ఉంటుంది. చెంప లోపల దూదితో తుడిచి పరీక్షకి పంపితే తెలిసిపోతుంది.

ఇక్కడ మోతాదే అంతా. గుండె పురుగు రాకుండా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ కిలోకి 6 మైక్రోగ్రాములు, ఆ లోపం ఉన్న కుక్కలు కూడా దాన్ని తట్టుకుంటాయి. గజ్జికి ఇచ్చేది కిలోకి 300 నుంచి 600, అంటే 50 నుంచి 100 రెట్లు. పశువుల కోసం తయారైన ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ తెచ్చి పిడుదులకని కుక్కకి అంచనాతో పొడవడం ఎంత ప్రమాదమో ఈ లెక్కలు చూస్తే అర్థమవుతుంది. అలా పెద్ద మోతాదులో ఐవర్‌మెక్టిన్ తీసుకుంటున్న కుక్కకి స్పినొశాడ్ కూడా ఇస్తే, జన్యులోపం లేకపోయినా విషలక్షణాలు రావచ్చు. కుక్క ఏ మందుల మీద ఉందో డాక్టరుకి పూర్తి జాబితా ఇవ్వమనేది అందుకే.

అమిట్రాజ్ ద్రావణం గురించి క్లుప్తంగా చెబుతాను. పిడుదుల మీద పనిచేస్తుంది. కానీ మత్తు, గుండె వేగం తగ్గడం, రక్తంలో చక్కెర పెరగడం దాని గుణాలు. షుగరున్న కుక్కకి, బాగా ముసలిదానికి, నీరసంగా ఉన్నదానికి వద్దు. పిల్లికి అసలే వద్దు.

కడుపు, తిండి అలర్జీ ఉన్నవాటి గురించి ఎవరూ అడగరు, నేనే గుర్తుచేస్తుంటాను. నమిలే మాత్ర రుచిగా ఉండేందుకు దానిలో మాంసం నుంచో, సోయా నుంచో తీసిన పదార్థాలు కలుపుతారు. ఏ ప్రొటీన్ పడటం లేదో కనిపెట్టడానికి నెలల తరబడి ఒకే తిండి పెడుతున్నప్పుడు, మధ్యలో ఒక రుచి మాత్ర వేస్తే ఆ పరీక్షంతా వృథా కావచ్చు. ఆ సమయంలో చుక్కల మందుకి మారడమే మంచిది. అలాగే చర్మం సున్నితమని చెప్పే చాలా కేసుల్లో చుక్కలు వేసినచోట ఎర్రబడటానికి కారణం పురుగుల మందు కాకపోవచ్చు, దాన్ని కరిగించి పాకించడానికి వాడిన ద్రావకం కావచ్చు. అదే మందు వేరే కంపెనీ ద్రావకంలో పడొచ్చు. "ఫిప్రోనిల్ మాకు పడదు" అని తేల్చేసేముందు ఇది ఆలోచించాలి. పుండు మీద, గోకిన చర్మం మీద మాత్రం ఏ చుక్కలూ వేయకండి.

ఇప్పుడు "నేచురల్" అనే ముద్ర సంగతి. సున్నితమైన జంతువులున్నవాళ్లకి ఎక్కువగా అమ్మేది దీన్నే. ఇది నాకు కోపం తెప్పించే విషయం. టీ ట్రీ ఆయిల్ మొక్కలోంచి వచ్చేదే. కొన్ని చుక్కలు చిక్కగా పూస్తే పిల్లులు, చిన్న కుక్కలు తూలిపోతాయి, వణుకుతాయి. వెల్లుల్లి మొక్కే. కుక్కల్లో, అంతకంటే ఎక్కువగా పిల్లుల్లో ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. నిమ్మ, నారింజ తొక్కల నూనెలు పిల్లులకి పడవు. పైరెత్రిన్లు అయితే చామంతి జాతి పూలలోంచి తీసినవే. వాటి నమూనా చూసి ప్రయోగశాలలో తయారుచేసిందే పర్మెత్రిన్. పువ్వులోంచి వచ్చిందా, ప్రయోగశాలలోంచి వచ్చిందా అని పిల్లి కాలేయం చూడదు.

నా అభ్యంతరం మొక్కల మీద కాదు. అనుమతి ఉన్న మందుకి ఇంత బరువుకి ఇంత మోతాదు, ఇన్ని వారాల వయసు దాటాలి, ఇలాంటి జంతువుకి వద్దు అని రాసి ఉంటుంది. దాని వల్ల వచ్చిన హాని ఎక్కడో నమోదవుతుంది. ఇంట్లో కలుపుకున్న నూనెకి ఇవేవీ లేవు. చిక్కదనం ఎంతో కలిపినవాళ్లకే తెలియదు. అంటే బాగా ఆరోగ్యంగా ఉన్న కుక్కల మీద కూడా ఎవరూ సరిగ్గా పరీక్షించనిదాన్ని తీసుకొచ్చి అన్నిటికంటే బలహీనమైన దాని మీద రుద్దుతున్నాం. పైగా అది పురుగుల్ని ఆపలేకపోతే, చిన్ని లాంటి కుక్కకి దురద దురదే.

సున్నితమైన జంతువుకి మందు ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ చూసేది ఒక్క విషయం, దాన్ని పెట్టె మీద ఎవరూ గొప్పగా రాయరు. ఒకవేళ పడకపోతే ఈ మందు ఒంట్లోంచి ఎంత త్వరగా పోతుంది? మందు పట్టించిన మెడ కాలర్‌ని విప్పేయొచ్చు. చుక్కల మందుని వెంటనే అయితే కడిగేయొచ్చు, కొంతైనా పోతుంది. నెల మాత్ర కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది. ఫ్లూరలేనర్ నమిలే మాత్ర ఒక్కటి వేస్తే 12 వారాలు పనిచేస్తుంది, అంటే పడకపోతే ఆ కుక్క ఆ మందుతో అన్నాళ్లూ ఉండాల్సిందే, విరుగుడు లేదు. ఇంకో చివర నైటెన్‌పైరమ్ ఉంది. అరగంటలో ఫ్లీలని చంపడం మొదలుపెడుతుంది, రోజు గడిచేసరికి ఒంట్లోంచి దాదాపు పోతుంది. పిడుదులకి పనిచేయదు, తర్వాత వచ్చే ఫ్లీలనీ ఆపదు, కానీ బలహీనంగా ఉన్న జంతువు మీద ఇప్పుడున్న ఫ్లీలని దించడానికి చాలా మంచిది.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. ఎక్కువ కాలం పనిచేసే మందు వాడితే మర్చిపోవడం తగ్గుతుంది. నెలనెలా వేయాల్సింది జనం మర్చిపోతారు, ఆ ఖాళీలోనే పిడుదు కుడుతుంది. ఆరోగ్యమైన, ఇదివరకు ఆ కుటుంబం మందుని తట్టుకున్న కుక్కకి 12 వారాలది ఇవ్వడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. మందు ఎలా పడుతుందో తెలియని జంతువుకి మాత్రం, ఆ కుటుంబంలో తక్కువ కాలం ఉండేదానితో మొదలుపెట్టాలి. అది సాఫీగా సాగాక పెద్దదానికి వెళ్లొచ్చు. మర్చిపోతామంటే ఫోన్‌లో అలారం పెట్టుకోవచ్చు. రక్తంలో కలిసిన మందుని వెనక్కి తీయలేం.

కాలర్లని కూడా ఇదే కొలతతో చూడాలి. ఇమిడాక్లోప్రిడ్, ఫ్లూమెత్రిన్ కలిపిన 8 నెలల కాలర్ ఒకటి అమెరికాలో పెద్ద వివాదమైంది. ఈపీఏ ఫిర్యాదులన్నీ పరిశీలించి 2023లో, హెచ్చరికలు పెంచి, అనుమతిని 5 ఏళ్లకే పరిమితం చేసి కొనసాగనిచ్చింది. పిడుదు కుట్టకముందే దాన్ని దూరం పెట్టే గుణం ఇలాంటి కాలర్లకుంది, మాత్రలకి లేదు. మాత్ర పనిచేయాలంటే పురుగు ముందు కుట్టాలి. కొన్ని గంటల్లోనే అంటుకునే జబ్బులున్నచోట ఇది చిన్న తేడా కాదు. మెడకి కాలర్ పెట్టాక మొదటి కొన్ని రోజులు దాని కింద రెండు వేళ్లు పోనిచ్చి, బొచ్చు పక్కకి తీసి చర్మం చూడండి. ఎర్రబడితే విప్పేయండి.

మందు భారం జంతువు ఒంటి మీద తగ్గించాలంటే ఇంటి మీద పనిచేయాలి. చాలామంది వదిలేసేది ఇదే. కుక్క మీద కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తంలో సుమారు 5 శాతమే అంటారు. మిగతావి గుడ్లు, లార్వాలు (గుడ్డులోంచి వచ్చే పిల్ల పురుగులు), గూళ్లుగా (పిల్ల పురుగు పెద్ద ఫ్లీగా మారేదాకా ఉండే పొర) పరుపులో, తివాచీలో, సోఫా సందుల్లో ఉంటాయి. ఒక ఆడ ఫ్లీ రోజుకి 40 దాకా గుడ్లు పెడుతుంది, అవి బొచ్చుకి అతుక్కోవు, కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. గూటిలో ఉన్నదానికి మందులు తగలవు. అది వేడి, అదురు తగిలేదాకా నెలల తరబడి ఆగగలదు. అందుకే మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకి కొత్త ఫ్లీలు కనిపిస్తే మందు ఫెయిలైందని కంగారుపడి ఇంకో మందు వేయకూడదు. సున్నితమైన జంతువుకి రెండు మందులు ఒకదాని మీద ఒకటి పడటం ఇలాగే మొదలవుతుంది.

వాక్యూమ్ చేయండి, ముఖ్యంగా జంతువు పడుకునే చోట, మంచం కింద. ఆ అదురుకి గూళ్లలోంచి పురుగులు బయటికొస్తాయి, అప్పుడు మందు వేసిన కుక్క మీదకి ఎక్కి చస్తాయి. పరుపు గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకీ పిల్లికీ దానికి తగిన మందు కనీసం మూడు నెలలు ఆపకుండా సాగాలి. మిన్నూకి దురద లేదని దాన్ని వదిలేస్తే చిన్ని దురద తగ్గదు. మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ లాంటివి పురుగు ఎదుగుదలకి సంబంధించిన హార్మోన్‌ని అనుకరించి గుడ్లు, లార్వాలు ఎదగకుండా ఆపుతాయి. ఆ హార్మోన్ కుక్కల్లో, పిల్లుల్లో ఉండదు కాబట్టి సున్నితమైన జంతువులున్న ఇంటికి ఇవి మంచి తోడు. గోధుమ రంగు పిడుదు కూడా ఇంట్లోనే తన బతుకంతా వెళ్లదీయగలదు, గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక వేల గుడ్లు పెడుతుంది. కుక్క ఒంటి మీద ఎంత ఏరినా తగ్గకపోతే గోడలు చూడండి.

పిడుదు దొరికితే సన్నని మొన ఉన్న పట్కారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా, నిదానంగా నేరుగా లాగండి. కిరోసిన్ వద్దు, అగ్గిపుల్ల వద్దు, వాజలీన్ వద్దు. చెవి మడతలు, కాలివేళ్ల మధ్య, తోక కింద, కాలర్ కింద, చంకల్లో చూడాలి. మందు వేసినా ఈ చూపు మానకూడదు.

కొత్త మందు మొదటిసారి వేసేటప్పుడు మా ఇంట్లో కొన్ని పట్టింపులున్నాయి. పొద్దున్నే వేస్తాం, డాక్టరు దొరికే రోజున, ఆ పూటంతా ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా. అదే వారంలో టీకా, కొత్త తిండి, కొత్త షాంపూ ఏవీ పెట్టుకోం, లేకపోతే ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్లో తేలదు. జ్వరంగా, నీరసంగా ఉన్న రోజున వేయం. వేశాక వాంతి, విరేచనం, నురగ, తూలడం, ముఖం అదరడం, మామూలుగా లేకుండా దాక్కోవడం, ఇవన్నీ చూస్తాం. చుక్కల మందు పడక జంతువు కుదురుగా లేకపోతే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో కడిగి, ఆరబెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చన్నీళ్లు వణుకుని పెంచుతాయి, మరీ వేడినీళ్లు మందు చర్మంలోకి ఇంకేలా చేస్తాయి. ఫిట్స్ వస్తుంటే మాత్రం కడగడానికి ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఖాళీ పెట్టె, మందు గొట్టం కూడా వెంట తీసుకెళ్లండి, లోపలి మందు పేరు, శాతం, బ్యాచ్ నంబరు డాక్టరుకి కావాలి. జంతువు కోలుకున్నాక జరిగిందంతా రాసి కంపెనీకి, మందుల నియంత్రణ సంస్థకి పంపండి: ఏ మందు, ఎంత బరువుకి, వేసిన ఎన్ని గంటలకి ఏం కనిపించింది, అంతకుముందు ఏ జబ్బులున్నాయి. 2010 నాటి పరిశీలన జరిగింది ఇలాంటి ఫిర్యాదుల వల్లే. భైరవ లాంటి కుక్కకి ఏ మందు జాగ్రత్తగా వాడాలో ఇవాళ పెట్టె మీద రాసి ఉందంటే, ఎవరో తమ కుక్కకి జరిగింది కూర్చుని రాసి పంపడం వల్ల కూడా.